నాలుగు కుట్లు

ఆ రెండో శనివారం ఉదయం గౌస్ బాషా వేసుకున్న పథకంలో వంకేమీ లేదు. సింగరాయకొండలో కొత్తగా కట్టిన లాడ్జికి పరుపులు దింపాలి, మధ్యాహ్నం భోజనం అక్కడే కానిచ్చి, చీకటి పడేలోగా నల్లపాడులోని ఇంటికి చేరాలి. బండి గుమ్మం ముందే ఉంది. పరుపులు ఒకదానిమీద ఒకటి ఎక్కి, తాళ్లు బిగించుకుని కూర్చున్నాయి. ఆయన మాత్రం బయలుదేరకుండా హాల్లో పూల్ టేబుల్ చుట్టూ తిరుగుతున్నాడు.

ఆ బల్ల ఇంటికొచ్చి ఇంకా నెల నిండలేదు. గుంటూరులో ఒక క్లబ్బువాళ్లు పాత సామాను మారుస్తుంటే తెచ్చాడు. దాన్ని లోపలికి తేవడానికి తలుపు రెక్కలు ఊడదీయాల్సి వచ్చింది. సోఫా వరండాలోకి, భోజనాల బల్ల మేడ మీదికి పోయాయి. అయినా రుక్సానా భర్తను ఒక్క మాట అనలేదు. కుర్రతనంలో ఆయన అలాంటి క్లబ్బుకే పరుపులు మోసుకెళ్లాడనీ, ఆట చూద్దామని ఒక క్షణం ఆగితే "చెయ్యి పెట్టమాక, బల్లమీద గుడ్డ మాసిపోద్ది" అని ఎవరో గదమాయించారనీ ఆమెకు తెలుసు. అలా గదమాయింపు తిన్న మనిషి తన పిల్లల్ని అంతకు రెండింతలు గదమాయిస్తాడని మాత్రం ఆమె అనుకోలేదు.

"ఇదిగో, మళ్లీ చెబుతున్నా. పిల్లలు దీని జోలికి రాకూడదు," అన్నాడు గౌస్ బాషా. "గుడ్డ చిరిగితే మార్చేవాళ్లు మన వైపు లేరు. హైదరాబాదు నుంచి రావాలి."

"ఆడుకోడానికి తెచ్చిందేగా," అంది ఆయన తల్లి మౌలాబీ, గడప దగ్గర వెల్లుల్లి వలుస్తూ.

"ఆడుకోడానికే. పెద్దవాళ్లు ఆడుకోడానికి."

"ఏ పెద్దోళ్లు? నువ్వు ఇంతవరకూ కర్ర పట్టుకున్న పాపాన పోలేదు. పొద్దస్తమానం తుడుస్తున్నావు."

గౌస్ బాషా బల్ల అంచు ఇంకోసారి తుడిచాడు. కూతురు సిద్దికా, కొడుకు మాలిక్ గోడకి ఆనుకుని నిలబడి తండ్రినీ బల్లనీ మార్చి మార్చి చూస్తున్నారు. పిల్ల ఏడో తరగతి, పిల్లాడు నాలుగు. "చిన్న గీత పడినా సరే, మర్నాడే ఎవరికో ఒకరికి ఇచ్చేస్తా. తర్వాత ఏడ్చి లాభం లేదు," అని వాళ్లకి చెప్పి, తెల్లటి దుప్పటి తెచ్చి బల్లంతా కప్పాడు. వెళ్తూ వెళ్తూ భార్య వైపు తిరిగాడు. "రుక్సానా, నీదే బాధ్యత."

"చూసుకుంటాలెండి. ముందు మీరు బయల్దేరండి."

బండి మలుపు తిరిగింది. పిల్లలు అల్లరి చేయలేదు, బతిమాలలేదు. బల్లకి చెరో పక్కన నేలమీద కూర్చుని దుప్పటి అంచు కేసి చూస్తూ ఉండిపోయారు. అల్లరి చేసి ఉంటే రుక్సానా నాలుగు కేకలేసి ఊరుకునేది. ఆ నిశ్శబ్దమే ఆమెకు భరించరానిదైంది. వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగింది, మళ్లీ వచ్చి చూసింది. అలాగే కూర్చుని ఉన్నారు. దాచిపెట్టిన దాని మీదే పిల్లల కళ్లుంటాయి, ఏదో ఒక రోజు ఎవరూ లేనప్పుడు దొంగతనంగా ఆడి చింపేకంటే తన కళ్లముందు ఆడటమే మేలు కదా అనుకుంది. బాధ్యత తనదే అన్నప్పుడు నిర్ణయమూ తనదే అవుతుంది కదా అని కూడా అనుకుంది.

"చేతులు కడుక్కు రండి," అంది.

తీరా చూస్తే పిల్లలు ఆమె భయపడినట్టు లేరు. సిద్దికా ఫోన్‌లో వీడియోలు చూసి ఆట మొత్తం ఎప్పుడో నేర్చేసుకుంది. కర్రని బల్లకి సమంగా ఉంచి, ఎడమచేతి వేళ్ల మీదుగా మెల్లగా జరిపి, తమ్ముడికి ఎలా కొట్టాలో చూపించింది. మాలిక్ నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి కొట్టాడు. బంతి వెళ్లి మూల గుంతలో పడింది. మౌలాబీ వెల్లుల్లి వదిలేసి వచ్చి నిలబడింది. రుక్సానా మనసు తేలికపడింది. ఇంత బుద్ధిగా ఆడే పిల్లలకా ఇన్నాళ్లూ కాపలా కాసింది?

"అమ్మా, నువ్వూ ఒకటి కొట్టు," అన్నాడు మాలిక్.

"నాకెందుకురా."

"కొట్టవే," అంది అత్తగారు.

రుక్సానా కర్ర తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చేతికి అలవాటైన కర్ర ఒక్కటే, కారం దంచే రోకలి. తనకి తెలియకుండానే కర్ర వెనక భాగం పైకి లేపి, తెల్ల బంతి మీదికి గట్టిగా ఒక పోటు పొడిచింది. బంతి ఉన్నచోటి నుంచి కదల్లేదు. కర్ర మాత్రం దాని పక్కనుంచి గుడ్డలోకి దిగి, సర్రున చీల్చుకుంటూ ముందుకు పోయింది.

ఆకుపచ్చ గుడ్డ బెత్తెడు మేర నోరు తెరుచుకుని, కింద బల్లకి పరిచిన నల్లరాయి పలక కనబడుతోంది.

"నాన్న బల్ల ఇచ్చేస్తాడు," అన్నాడు మాలిక్.

మౌలాబీ వంగి చిరుగుని వేలితో తడిమి చూసింది. "చిరిగింది గుడ్డేగా. పరుపులు కుట్టేవాళ్ల ఇంట్లో గుడ్డ చిరిగితే ఇంత దిగులెందుకు? బుడాన్‌కి ఫోన్ చెయ్."

బుడాన్ వాళ్ల కొట్లో పరుపులు కుట్టే పెద్దాయన, గౌస్ బాషా తండ్రి కాలం నుంచీ ఉన్నవాడు. పొద్దంతా దూది ఏకే మిషను పక్కన కూర్చుని కూర్చుని చెవులు మందగించాయి. అందుకని ఫోన్‌లో అవతలివాళ్లు చెప్పినదాంట్లో ముఖ్యమైన ముక్కల్ని తిరిగి గట్టిగా పలికి, సరిగ్గా విన్నాడో లేదో రూఢి చేసుకుంటాడు.

"బాబాయ్, నేను రుక్సానాని. బల్లమీద గుడ్డ చిరిగిందండీ. త్వరగా రండి."

"రుక్సానమ్మా? చిరిగిందా?" అని అరిచాడు బుడాన్.

"బెత్తెడు చిరిగింది. నాలుగు కుట్లన్నా పడతాయి."

"బెత్తెడా? కుట్లు పడతాయా?"

"పిల్లలు ఆడుతుంటే... అంటే, నేనే... సరే, అదంతా వచ్చాక చెబుతా. ఆయనకి మాత్రం చెప్పకండి. తట్టుకోలేరు."

"పిల్లలు ఆడుతుంటేనా? ఆయనకి చెప్పొద్దా? అట్నే అమ్మా, అట్నే. ఏడవమాక."

బుడాన్ సంగతి సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. ఆకుపచ్చ దారం కొట్లో లేకపోతే, అది కొనడానికి నింపాదిగా గుంటూరు బజారుకి బయలుదేరాడు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ కొట్టుకి గోడవతలే ఆర్‌ఎంపీ డాక్టరు జోసఫ్ క్లినిక్కు. ఆయనకి వినబడింది బుడాన్ వైపు మాటలే. ఆయన ఇంకేమీ అడగలేదు. సంచీ తగిలించుకుని మోటారుసైకిలెక్కాడు.

రుక్సానా దుప్పటి సర్ది ఊపిరి తీసుకుంటుండగానే జోసఫ్ గుమ్మంలోకి వచ్చాడు. "ఎక్కడమ్మా పిల్లాడు? బెత్తెడు చీలిందంటగా. రక్తం ఆగిందా?"

చీలింది గుడ్డ అని చెప్పడానికి అరక్షణం చాలు. కానీ జోసఫ్ రోజూ సాయంత్రం తన భర్తతో కలిసి టీ తాగే మనిషి. ఇప్పుడు చెబితే, బుడాన్ కుట్టినా కుట్టకపోయినా సంగతి ఇవాళే ఆయన చెవిన పడుతుంది. ఏం చెప్పాలా అని ఆమె తటపటాయించిన ఆ కాస్త వ్యవధిలో మాలిక్ రెండు చేతులతో తల పట్టుకుని నేలమీద కూర్చున్నాడు.

"నాకే, డాక్టర్ గారూ," అన్నాడు.

తల్లి వాడి వైపు చూసింది. వాడు తల్లి వైపు చూడలేదు. సిద్దికా అప్పటికే తన చున్నీ తీసి తమ్ముడి తలకి చుట్టేస్తోంది. ఇద్దరూ తనను కాపాడుతున్నారని రుక్సానాకి అర్థమయ్యేసరికి కట్టు కూడా పూర్తయింది.

"విప్పమ్మా, చూద్దాం," అన్నాడు జోసఫ్.

"వద్దండీ. విప్పితే మళ్లీ కారుద్దేమో," అంది సిద్దికా.

"బెత్తెడు గాయం దానంతటది మానదమ్మా. సరే, ముందు టీటీ ఇంజెక్షన్ పడనీ."

ఇంజెక్షన్ అన్న మాట వినగానే మాలిక్ ముఖంలో రంగు నిజంగానే మారిపోయింది. జోసఫ్ వాడి కనురెప్ప కిందికి లాగి చూసి, తల పంకించాడు. "చూశారా, ఎట్లా పాలిపోయాడో. రక్తం చాలానే పోయింది."

పక్కింటి వెంకటరావమ్మ మేడమీద మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. వాళ్లకి ప్రత్తిపాడు వైపు మిరప చేలున్నాయి. ఈ కాలంలో ఆమె చేతులు పొద్దస్తమానం కాయల్లోనే ఉంటాయి. డాక్టరు బండి చూసి, చేస్తున్న పని వదిలేసి పరుగున వచ్చింది. "ఏమైందే అమ్మాయ్?"

రుక్సానా నోరు తెరిచేలోగా మౌలాబీ అందుకుంది. మనవడి అబద్ధాన్ని నిలబెట్టే భారం తన మీదే ఉందనుకుందో ఏమో, గోడకి చేరబడి, "అల్లా, నా మనవడి తలకాయయ్యా, బంగారం లాంటి తలకాయయ్యా," అని రాగం తీసింది. అది విని వెంకటరావమ్మకి కళ్లు చెమర్చాయి. ఆ కళ్లని చేత్తో తుడుచుకుంది. మిరపఘాటు కంట్లో పడింది. ఆ తర్వాత ఆమె ఆపుదామన్నా కన్నీళ్లు ఆగలేదు. దారీ తెన్నూ కనబడక తడుముకుంటూ, ఎర్రటి కళ్లతో ముక్కు చీదుకుంటూ ఆమె వీధిలోకి వెళ్తే, చూసినవాళ్లు ఏమనుకోవాలో అదే అనుకున్నారు. అరుగుల మీదివాళ్లు లేచారు. ఇస్త్రీ బండి దగ్గరివాళ్లు కదిలారు. ఇంటిముందు చెప్పులు పోగయ్యాయి.

కళ్లు కడుక్కుని తిరిగొచ్చిన వెంకటరావమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది. ఎవరితో మాట్లాడుతోందో రుక్సానాకి అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది.

"గౌసూ, యాడున్నావు నాయనా? చిలకలూరిపేట దాటావా? బండి తిప్పు. పిల్లోడి తల పగిలింది. డాక్టరొచ్చాడు. ఇంకేం అడగమాక, ముందు రా."

రుక్సానా తన ఫోన్ తీసి భర్తకి చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. చివరికి వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఏమండీ, ఏమీ కాలేదు. కంగారు పడకుండా నిదానంగా రండి." పంపించాక తనే ఒకసారి విన్నది. లోకంలో ఇంతకు మించి కంగారు పెట్టే మాట ఇంకోటి లేదని అప్పుడు తెలిసింది.

అది మిరప సీజను. గుంటూరు మిర్చి యార్డుకి పోయే లారీలతో హైవే కిటకిటలాడుతూ ఉంటుంది. ఆ లారీల మధ్య, బండినిండా పరుపులతో, కొడుకు తల పగిలిందనుకుంటూ ఒక మనిషి స్టీరింగు పట్టుకుని వస్తున్నాడు. అప్పటిదాకా రుక్సానా భయపడింది గుడ్డ గురించి. ఇప్పుడు ఆ గుడ్డ మొత్తం పీలికలైనా ఆమెకి పట్టేట్టు లేదు. ఆయన క్షేమంగా ఇంటికి చేరితే చాలు.

"డాక్టర్ గారూ, ఒక మాట," అంది. గొంతు పెంచింది. "అందరూ వినండి. మా వాడికి దెబ్బ తగల్లేదు. చిరిగింది బల్లమీది గుడ్డ. చింపింది నేను."

అందరూ జాలిగా చూశారు.

"పాపం, మనిషి మనిషిలో లేదు," అంది వెంకటరావమ్మ. "ఎవరన్నా మంచినీళ్లివ్వండమ్మా."

"నేను బాగానే ఉన్నా పిన్నిగారూ. కావాలంటే చూడండి," అని రుక్సానా దుప్పటి సగం లాగి చిరుగు చూపించింది.

జోసఫ్ దగ్గరికొచ్చి ఆ చిరుగుని పరీక్షగా చూశాడు. గుడ్డ పక్కకి తీసి కిందున్న రాయిని వేలితో కొట్టి చూశాడు. అతని ముఖం మరింత గంభీరమైంది. "గుడ్డ చిరిగేంత బలంగా తగిలిందన్నమాట. కిందంతా రాయి. ఇది ఇక్కడ కుట్లేసే కేసు కాదమ్మా. స్కానింగ్ తియ్యాలి. ఎవరన్నా ఆటో పిలవండి."

ఆటో మాటతో వీధిలో మళ్లీ కలకలం రేగింది. ఆ కలకలంలో మాలిక్ కనబడకుండా పోయాడు. పెరట్లో చూశారు, మేడమీద చూశారు, బాత్‌రూమ్ తలుపు కొట్టారు. తలకి చుట్టిన చున్నీ ఒక్కటే నేలమీద పడి ఉంది. దాన్ని చూసి మౌలాబీ, ఈసారి రాగం లేకుండానే, నిజంగా ఏడవడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడు బుడాన్ వచ్చాడు. ఒక చేతిలో ఆకుపచ్చ దారపు ఉండ, ఇంకో చేతిలో పరుపులు కుట్టే వంకర దబ్బనం, జానెడు పొడవుది. జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చి, "ఎక్కడమ్మా కుట్టాల్సింది? చూపించు, కదలకుండా పట్టుకునేవాళ్లుంటే చిటికెలో పని," అన్నాడు.

ముందు వరసలో ఉన్న ఆడవాళ్లు వెనక్కి జరిగారు.

"బుడాన్, నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు జోసఫ్. "అది పిల్లాడి తలయ్యా. పరుపు కాదు."

"తలేంటి?" అన్నాడు బుడాన్ అంతకంటే గట్టిగా. "నాకు బల్లమీద గుడ్డన్నారు."

జోసఫ్ బుడాన్‌ని చూశాడు, చిరుగుని చూశాడు, చివరికి రుక్సానాని చూశాడు. ఆయన ఏదో అనబోతుండగా బయట బ్రేకులు కీచుమన్నాయి.

గౌస్ బాషా లోపలికి వచ్చిన తీరు రుక్సానా ఎన్నటికీ మరిచిపోదు. ఒక కాలికి చెప్పు లేదు. చొక్కా వంటికి అతుక్కుపోయింది. భుజం మీద లాడ్జి కోసం కట్టిన పరుపుల్లో ఒకటి. తాళ్లు తెంపి లాక్కొచ్చినట్టున్నాడు.

"కటిక నేలమీద పడుకోబెట్టారా వాణ్ణి?" అన్నాడు. "దీంట్లో మంచి దూది ఉంది. మెత్తగా ఉంటది. దీనిమీదికి మార్చండి."

పరుపు నేలమీద పరిచాడు. చుట్టూ చూశాడు. కొడుకు లేడు. నేలమీద చున్నీ, గోడవారన ఏడుస్తున్న తల్లి, జోసఫ్ చేతిలో సంచీ, బుడాన్ చేతిలో దబ్బనం. గౌస్ బాషా తను తెచ్చిన పరుపు మీదే కూలబడ్డాడు.

"ఎవరూ మాట్లాడరేంటి?" అన్నాడు.

రుక్సానా వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. "ఏమండీ, వాడికేం కాలేదు. ఒట్టు. చిరిగింది గుడ్డ. నేనే ఆడించాను, నేనే చింపాను."

ఆ మాటలు ఆయన చెవిదాకా పోయినట్టు లేదు. "వాడెక్కడ?" అన్నాడు మళ్లీ.

"ఇక్కడున్నా నాన్నా," అని బల్ల కిందనుంచి గొంతు వినిపించింది. "ఇంజెక్షన్ వెయ్యనంటే వస్తా."

గౌస్ బాషా మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, వేలాడుతున్న దుప్పటి ఎత్తి బల్ల కింద దూరాడు. రుక్సానా కూడా వంగి చూసింది. ఆయన కొడుకు తలని రెండు చేతుల మధ్య పెట్టుకుని, దూదిలో గింజలు వెతికినట్టు వేళ్లతో అంగుళం అంగుళం తడుముతున్నాడు. ఒకసారి అయ్యాక మళ్లీ మొదలుపెట్టాడు. మాలిక్ తల వంచి ఇచ్చాడు.

బయటికి వచ్చాక గౌస్ బాషా చిరుగు దగ్గర నిలబడ్డాడు. అందరూ తుఫాను కోసం ఎదురుచూశారు. రుక్సానా సిద్దికాని తన వెనక్కి లాక్కుంది.

"ఇదేనా?" అన్నాడాయన.

"ఇదే," అంది రుక్సానా.

"ఇంతేనా?"

"ఇంతే."

ముఖం మోచేత్తో తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమట ఒక్కటే కాదని రుక్సానాకి కనబడింది. "ఆడుకోనీ," అన్నాడు. "రోజూ ఆడుకోనీ. చిరిగితే కుట్టుకుందాం. బుడాన్ బాబాయ్, కానియ్."

జనంలో నవ్వులు పుట్టాయి. వెంకటరావమ్మ ఇంకా కారుతున్న కళ్లతోనే నవ్వింది. జోసఫ్ మాత్రం నవ్వలేదు. సంచీ మూసేసి, అనవసరంగా క్లినిక్కు కట్టేసి వచ్చిన మనిషిలా చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

"నాన్నా, కాలు," అంది సిద్దికా ఉన్నట్టుండి.

గేటు దగ్గర నుంచి బల్లదాకా నేలమీద ఎర్రటి మరకలు వరసగా ఉన్నాయి. బండిలోంచి దూకినప్పుడో, వట్టి కాలితో పరుగెత్తినప్పుడో గౌస్ బాషా పాదంలో సీసా పెంకు దిగింది. ఆయన ఇప్పుడే దాన్ని చూసుకున్నాడు. చూసుకున్నాక నొప్పి కూడా తెలిసింది. జోసఫ్ సంచీ మళ్లీ తెరిచాడు. పొద్దుటినుంచి మొదటిసారి అతని ముఖంలో వెలుగొచ్చింది.

"పడుకో గౌసూ," అన్నాడు. "పరుపు ఎలాగూ తెచ్చుకున్నావుగా."

ఒకే హాల్లో బల్లకి ఒకరు, కాలికి ఒకరు కుట్లు వేశారు. కాలికే ఎక్కువ సేపు పట్టింది. ఇంజెక్షన్ వేసేటప్పుడు మాలిక్ తండ్రి చెయ్యి పట్టుకుని, చూడకుండా ఉండటానికి అటు తిరగమని సలహా ఇచ్చాడు. కాలు కింద మోపకూడదని, కట్టు విప్పేదాకా నిలబడే పని ఏదీ పెట్టుకోవద్దని జోసఫ్ గట్టిగా చెప్పి వెళ్లాడు.

గౌస్ బాషా మాట తప్పే మనిషి కాదు. మర్నాటి నుంచి ఇంట్లో పిల్లలు ఆడారు, వాళ్ల స్నేహితులు వచ్చారు, వాళ్లని పిలవడానికి వచ్చిన తల్లులూ ఒక చెయ్యి వేసిపోయారు. వెంకటరావమ్మ సబ్బుతో చేతులు కడుక్కుని మరీ వచ్చేది. ఆయన హాల్లోనే పరుపు మీద పడుకుని, బంతుల చప్పుడు వింటూ, ఎవరు ఎలా కొట్టాలో చెబుతుండేవాడు. ఎవరూ వినేవాళ్లు కాదు.

కట్టు విప్పేనాటికి ఆ వీధి మొత్తంలో పూల్ ఆడటం రాని మనిషి గౌస్ బాషా ఒక్కడే.